సూర్యుడి పెట్టె, గద్ద పెట్టె

పోయిన వారం మా ఇంట్లో ప్రింటర్‌కు సిరా అయిపోయింది. ఖాళీ డబ్బా జేబులో వేసుకుని, దాని మీది పేరూ నంబరూ ఎందుకైనా మంచిదని చీటీ మీద కూడా రాసుకుని, శృంగవరపుకోట బజారుకు వెళ్లాను. దుకాణదారు డబ్బాను అటూ ఇటూ తిప్పి, "ఈ పేరు తీసేసినారు మేస్టారూ, ఇప్పుడది ఇదే" అంటూ వేరే రంగుది, వేరే పేరుది ఇంకొకటి బల్ల మీద పెట్టాడు. లోపల సరుకేమైనా మారిందా అని అడిగాను. ఏటీ మారలేదన్నాడు. మరి పేరెందుకు మార్చారంటే ఫ్యాను వైపు చూశాడు. ఇంటికొచ్చి బిగిస్తే అది చక్కగా పనిచేసింది. దాంతో నాకు ఇంకా ఒళ్లు మండింది. పనిచేయకపోయి ఉంటే తిట్టుకోవడానికి ఒక కారణమైనా దొరికేది.

ఆ చిరాకులోనే ట్రంకు పెట్టె తెరిచి పాత డైరీలు తీశాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నేను డైరీ రాయని రోజు లేదు. వాన ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు వెలిసింది, బియ్యం లారీ ఘాట్ రోడ్డు మీద ఎక్కడ ఆగిపోయింది, అన్నీ ఉంటాయి. నీలం అట్ట డైరీలో ఒకచోట వరుసగా పదిహేను రోజుల పాటు కంప్యూటర్ గొడవ తప్ప మరేమీ లేదు. అప్పట్లో నేను ముంచింగిపుట్టులో బాలికల ఆశ్రమ పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ణి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. దాని ముఖం మీద ఉదయించే సూర్యుడి బొమ్మ ఉండేది. కంపెనీ అసలు పేరు రాయడం నాకిష్టం లేదు, కాబట్టి సూర్యుడి పెట్టె అనే అంటాను. వచ్చిన రోజే దాని వెనక అతికించిన కాగితాల మీది అంకెలన్నీ, తలకిందులుగా ఉన్నవి కూడా, మెడ తిప్పి మరీ డైరీలోకి ఎక్కించాను. వారంటీ కార్డును ప్లాస్టిక్ సంచిలో పెట్టి బీరువాలో దాచాను. అంత జాగ్రత్తపడ్డవాడికి ఏ ఇబ్బందీ రాదని అప్పట్లో నా నమ్మకం.

ఆ పెట్టెను నాకంటే, మా గుమాస్తాకంటే బాగా వాడుకున్నది మా బడిలోనే చదివి పదో తరగతి దాటిన ఒక గుంట. కొండ మీద కాఫీ తోట పక్కన వాళ్ల ఊరు. రోజూ ఆరు మైళ్లు దిగి వచ్చి, మా ఆఫీసు గదిలో మూల కూర్చుని తెలుగు టైపు నేర్చుకునేది. మండలాఫీసులో కంప్యూటర్ మీద పనిచేసే పోస్టు ఒకటి పడింది, పాడేరులో టైపు పరీక్ష పెడతామన్నారు. వాళ్ల అక్క అప్పటికే కోస్తాలో రొయ్యల ఫ్యాక్టరీకి పోయి, చల్లటి నీళ్లలో వేళ్లు పాసిపోయి, ఏడాదికొకసారి ఇంటికొస్తోంది. ఈ పోస్టు రాకపోతే చెల్లెలు కూడా అదే లారీ ఎక్కాలి. ఇందులో రహస్యమేమీ లేదు, ఊళ్లో అందరికీ తెలుసు. పరీక్ష ఇంకా పదిహేను రోజులుందనగా, ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, ఒక్కసారిగా బలంగా వచ్చి, సూర్యుడి పెట్టెలోంచి కాలిన రబ్బరు వాసన వచ్చింది. తెర నల్లబడింది. మా మండలం మొత్తంలో ఆ పిల్ల చేతికి అందే కంప్యూటర్ అదొక్కటే.

వెంటనే వారంటీ కార్డు మీది చిరునామాకు ఉత్తరం రాశాను. అది తిరిగొచ్చింది. ఫోను చేస్తే, ఆ పేరుతో ఇప్పుడు కంపెనీ లేదని ఎవరో చెప్పి పెట్టేశారు. మళ్లీ రాశాను, మళ్లీ చేశాను. అంకెలన్నీ ఉటంకిస్తూ, క్రమసంఖ్యలు వేసి, నకళ్లు దాచుకుంటూ పది రోజులు గడిపేశాను. ఇప్పుడా పేజీలు చదువుతుంటే ఆ కంపెనీ మీద కంటే నా మీదే నాకు ఎక్కువ కోపం వస్తోంది. ఆ పది రోజులూ ఆ పిల్ల మాత్రం చచ్చిన పెట్టె ముందు కూర్చుని, నల్లటి తెర వైపే చూస్తూ, కరెంటు లేని మీటల మీద పాఠం పైకి చదువుకుంటూ టైపు కొట్టింది. తప్పు పడిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగితే, వేలికి తెలుస్తుందండి అంది.

చివరికి పెట్టెనూ దాని మీటల పలకనూ గొంగళిలో చుట్టి, ఆ పిల్లా వాళ్ల నాన్నా నేనూ జీపులో అరకు చేరి, కిరండూల్ పాసింజరు ఎక్కాం. నెత్తి మీద పెట్టె మోసింది వాళ్ల నాన్నే. పసుపుకొమ్ముల బస్తాతో పోలిస్తే ఇదేపాటి అన్నట్టు నడిచాడు. రాత్రికి విశాఖలో మా చెల్లెలింట్లో దిగి, మర్నాడు పొద్దున్నే సూర్యుడి ఆఫీసుకు వెళ్లాం. వీధి అదే, మేడ అదే, కానీ బోర్డు మీద సూర్యుడు లేడు. రెక్కలు చాచిన గద్ద ఉంది. లోపల కూర్చోబెట్టిన కుర్చీల వీపుల మీద మాత్రం సగం గీకిన సూర్యుళ్లు ఇంకా కనిపిస్తున్నాయి. కౌంటరులో ఉన్నవాడు నా కార్డు చూసి, "ఇది మా బ్రాండ్ కాదు సార్. మాది గద్ద" అన్నాడు.

"నువ్వు కూర్చున్నది సూర్యుడి కుర్చీలోనే కదయ్యా" అన్నాను.

"కుర్చీ అదే సార్. ఆఫీసూ అదే, మనుషులం మేమే. కంపెనీ వేరు."

ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో వేళాకోళమేమీ లేదు, అదే నన్ను దిగ్భ్రాంతుణ్ణి చేసింది. సరే, ఫిర్యాదు రాసుకోమన్నాను. కాగితం తీసి, దీన్ని వాడేది ఎవరని అడిగాడు. ఆ పిల్ల బడి రిజిస్టరులో ఉన్న తన పేరు చెప్పింది. పక్కన నిలబడ్డ వాళ్ల నాన్న చుట్టూ చూసి, "అదెవుర్తి?" అన్నాడు. పిల్ల నవ్వి, నేనేలే అంది. నేనప్పుడు ఆ సంగతి పట్టించుకోలేదు. గద్దవాడితో వాదించే పనిలో ఉన్నాను. ఇంతలో ఆ పెద్దాయన కౌంటరు మీదికి వంగి, నిదానంగా అడిగాడు.

"పేరు ఎవుడిదైతే నాకేటి బాబూ. దీన్ని సేసిన కమ్మరెవుడు?"

కౌంటరువాడు నవ్వాడు గానీ నేను నవ్వలేకపోయాను. ముంచింగిపుట్టు సంతలో గొడ్డలి కొనేటప్పుడు కొండవాళ్లు వర్తకుడి మాట వినరు, మెరుగు చూడరు. కర్ర దూర్చే కన్నం దగ్గర వేలు పెట్టి తడుముతారు. ప్రతి కమ్మరీ అక్కడ ఒక గాటు పెడతాడు. ఎవరు అమ్మినా, ఎంత రంగు పూసినా, ఆ గాటును బట్టి అది ఎవరి చేతిదో తెలిసిపోతుంది. విరిగితే ఆ కమ్మరి కొలిమికే తీసుకెళ్తారు, అమ్మినవాడి కొట్టుకు కాదు. ఇరవై ఏళ్లు ఆ సంతలో కూరగాయలు కొన్నవాణ్ణి నేను. పది రోజుల పాటు పేరు పట్టుకుని ఉత్తరాలు రాశాను గానీ, మూత విప్పి లోపల చూడాలని నాకు తట్టలేదు.

ఆ వీధి వెనక సందులో రేడియోలు బాగుచేసే ముసలాయన ఒకడు కంప్యూటర్లు కూడా చూస్తాడంటే అక్కడికి మోసుకెళ్లాం. మూత తీసి, మూలనున్న ఇనప డబ్బా చూపించి, కరెంటు పంచేది ఇది, ఇదే కాలిందన్నాడు. దాని మీద సూర్యుడూ లేడు, గద్దా లేదు, మూడో పేరేదో ఉంది. ఆయన తన బల్ల కింద నుంచి పాడైన గద్ద పెట్టె ఒకటి లాగి దాని మూత కూడా తీశాడు. లోపల అదే డబ్బా, అదే మూడో పేరు. మరలు కూడా అవే. నాకు కోపం ముంచుకొచ్చింది. ఆయనకు మాత్రం అది రోజూ చూసే సంగతి. ఎక్కడో ఒకడు చేస్తాడనీ, పదిమంది కొని తలో పేరూ అంటిస్తారనీ చెప్పాడు. ఒకే కంపెనీవాడు సర్కారు టెండరుకు చవక పేరొకటి, షోరూముకు గొప్ప పేరొకటి పెడతాడట. రెండూ ఒకటేనని తెలిస్తే గొప్పదాన్ని ఎవరూ కొనరు కదా. తిట్లు ఎక్కువైతే పాత పేరు తీసేసి కొత్తది పెడతాడు. కంపెనీని ఇంకొకడు కొనుక్కుంటే, సరుకూ కుర్చీలూ తీసుకుంటాడు గానీ పాతవాడు ఇచ్చిన మాటలు తీసుకోడు. ఇవన్నీ చెబుతూనే గద్ద పెట్టెలోంచి డబ్బా ఊడదీసి సూర్యుడి పెట్టెలో బిగించాడు. తన దగ్గరున్న తెర తగిలించి మీట నొక్కితే పెట్టె లేచింది. తెర వెలగ్గానే ఆ పిల్ల మా ఇద్దరినీ పక్కకు తప్పించి తన పాఠం మొదలుపెట్టింది.

మర్నాడు తిరుగు రైల్లో నేను చిమిడిపల్లి సొరంగాలు దాటేదాకా తిడుతూనే ఉన్నాను. ఉన్న పేరు పీకేసి తమ సౌకర్యం కోసం ఇంకో పేరు అంటించడానికి ఎవరిచ్చారు వీళ్లకు హక్కు అన్నాను. ఆ పిల్ల మీటల పలకను ఒళ్లో పెట్టుకుని టైపు కొట్టుకుంటోంది. వేళ్లు ఆపలేదు, తలెత్తలేదు.

"నా పేరు మీరే మార్సినారు కదా మేస్టారూ" అంది.

అందులో నిష్ఠూరం లేదు. రైలు ఇంకో సొరంగంలోకి దూరింది. 

వాళ్లవైపు పిల్లలు పుట్టిన వారాన్ని బట్టి పేర్లు పెడతారు. సోమవారం పుట్టిన ఆడపిల్ల సోంబారి. ఆ పిల్ల మా బడిలో చేరిన ఏడాది మూడో తరగతిలో అయిదుగురు సోంబారులు చేరారు. హాజరు పిలిస్తే అయిదు గొంతులు పలికేవి. తనిఖీ వస్తోందన్నారు. నేను రిజిస్టరు ముందేసుకుని, గంట కొట్టేలోగా అయిదుగురికీ అయిదు కొత్త పేర్లు రాసేశాను. దేవతల పేర్లే, మంచివే. పిల్లల్ని అడగలేదు. కొండ మీద తల్లిదండ్రులకు కబురు పంపలేదు. పదేళ్ల తర్వాత ఒక తండ్రి తన కూతురి పక్కనే నిలబడి అదెవుర్తి అని అడగాల్సి వచ్చింది.

పరీక్షలో ఆ పిల్ల నెగ్గింది, రొయ్యల లారీ ఎక్కలేదు. మండలాఫీసులో ఆమె బల్ల మీద నేను పెట్టిన పేరే ఉండేది. సర్టిఫికెట్లలో ఎక్కిపోయింది, ఇక మార్చడానికి వీల్లేదు. కొండ దిగి వచ్చినవాళ్లు మాత్రం కిటికీ దగ్గర నిలబడి సోంబారీ అని పిలిచేవారు, ఆమె దానికే ముందు తలెత్తేది.

సిరా డబ్బా ధర్మమా అని, ఇవాళ ఆ పేర్లు రాసిన ఏడాది ఎర్ర అట్ట డైరీ కూడా వెతికి తీశాను. నా చేతిరాతే, గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉంది: "అయిదుగురు బాలికలకు పేర్లు పెట్టడమైనది. హాజరు పట్టీ సక్రమం." దాని పక్కన ఖాళీలో సోంబారి అని అయిదుసార్లు రాసి, ఇవాళ్టి తేదీ వేశాను. ఆ రెండు తేదీల మధ్య ఏళ్లన్నీ వాళ్లు అయిదుగురూ, ఒక పొద్దున్న గంట కొట్టేలోగా నేను రాసేసిన పేర్లకు పలుకుతూనే గడిపారు.