పిడికిలంత పండు

మా పిన్నికి షుగరు ఉందన్న సంగతి తెలియని మనిషి ఆ పేటలో లేడు. మామూలుగా ఆ జబ్బు వచ్చినవాళ్ళు చాటుగా మాత్రలు మింగి, ఎవరైనా మిఠాయి పెడితే పన్ను నొప్పి అని తప్పించుకుంటారు. పిన్ని అలా కాదు. ప్రమోషను వచ్చినవాళ్ళు కూడా అంత గట్టిగా చెప్పుకోరు. పాలు పోసే మనిషికి చెప్పింది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయనకి చెప్పింది. రాంగు నంబరు ఫోను చేసిన పాపానికి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి కూడా చెప్పింది. అతన్ని ఫోను పెట్టనివ్వకుండా, వాళ్ళింట్లో ఎవరికైనా ఉందేమో కనుక్కుని, పరీక్ష చేయించుకోమని చెప్పి మరీ వదిలింది.

నేను అప్పట్లో చదువు కోసం వాళ్ళింట్లో ఉండేదాన్ని. బాబాయి బస్సు డ్రైవరు. పిన్ని ముందుగదిలో మిషను పెట్టుకుని డిపో వాళ్ళందరికీ ఖాకీ యూనిఫారాలు కుట్టేది. కొలతలు ఇవ్వడానికి ఎవరు వచ్చినా చేతులు పైకెత్తి నిలబడాలి కదా, పారిపోవడానికి వీలుండదు. మెడలో టేపు తీసి వాళ్ళ నడుము చుట్టూ వేస్తూ, తన షుగరు ఎలా వచ్చిందో, ఎంత ఉందో, ఏం తింటే ఎంత పెరుగుతుందో చెప్పేది. చొక్కా కోసం వచ్చినవాడు చొక్కాతో పాటు భయం కూడా తొడుక్కుని వెళ్ళేవాడు.

పళ్ళ బజారులో అయితే ఆవిడ పేరే వేరు. డాక్టరమ్మ ఎప్పుడో, షుగరు ఉన్నంత మాత్రాన పళ్ళు మానక్కర్లేదు, ఒకసారికి పిడికిలంత పండు తినొచ్చు అని చెప్పిందట. ఆ మాట పట్టుకుని పిన్ని ప్రతి బండి దగ్గరా పిడికిలి బిగించి, పళ్ళతని మొహం ముందు పెట్టేది. బజారుకి కొత్తగా వచ్చిన ఒకతను ఆ పిడికిలి చూసి తక్కెడ వెనక్కి నక్కి, నిన్నటి కాయలు పుచ్చిపోయి ఉంటే మార్చేస్తానమ్మా అని బతిమాలాడు.

"కాయలు బాగానే ఉన్నాయి. ఇంత ఉన్న ఆపిల్ ఒకటి తియ్యి" అంది పిన్ని.

అతను ఊపిరి పీల్చుకుని, బండి మీద ఉన్నవాటిల్లోకెల్లా పెద్దది తీసి ఇచ్చాడు. పిన్ని దాన్ని పిడికిలి పక్కన పెట్టి చూసి, ఇది ఇద్దరు మనుషుల పండు, ఒక మనిషి పండు ఇవ్వు అంది. అరటిపళ్ళు చూపించి తేనెలా ఉంటాయమ్మా అన్నాడు పాపం. ఎవరికైనా అలాగే చెబుతాడు. పిన్ని వాటిని అక్కడే పెట్టేసింది.

"తేనెలా ఉంటే నాకెందుకు బాబూ? బాగా మగ్గి మచ్చలు పడ్డవి కాదు, ఇప్పుడిప్పుడే పండుతున్నవి ఉంటే చూపించు. చిన్నవి."

ఇంత తియ్యగా వద్దు అని అడిగి మరీ కొనే మనిషిని ఆ బజారులో అంతకు ముందు ఎవరూ చూడలేదు. కొన్నాళ్ళకి ఎవరూ కొనని చిన్నచిన్న దోరజామకాయలన్నీ బండి కింద ఒక బుట్టలో పిన్ని కోసం దాచడం మొదలుపెట్టారు. దూరం నుంచి ఆవిడ వస్తుంటే పళ్ళవాళ్ళు పిడికిళ్ళు ఎత్తి పలకరించేవారు. చూసినవాళ్ళు ఏదో సమ్మె జరుగుతోంది అనుకునేవారు.

విందులకి వెళితే నాకు తల తీసేసినట్టు ఉండేది. వడ్డించేవాళ్ళు రెండు వరుసల అవతల ఉండగానే పిన్ని గొంతు ఎత్తేది. "నాకు షుగరండీ, మిఠాయి వద్దు. మా ఆయనకీ వద్దు. నాకు తోడుగా ఆయన కూడా మానేశారు" అని తన విస్తరి మీద ఒక చెయ్యి, బాబాయి విస్తరి మీద ఒక చెయ్యి అడ్డం పెట్టేది. ఆడవాళ్ళందరూ బాబాయి వంక ఆరాధనగా చూసి, ఆ తర్వాత తమ మొగుళ్ళ వంక ఇంకోలా చూసేవారు. బాబాయి కిమ్మనకుండా తల వంచుకుని కూర్చునేవాడు. ఎంత వినయం, ఎంత త్యాగం అనుకునేదాన్ని నేను. జబ్బు ఈవిడది, గోల ఈవిడది, నోరు కట్టుకునేది మాత్రం ఆయన అని లోపల్లోపల పిన్ని మీద కోపంగా కూడా ఉండేది.

అందులోనూ బాబాయికి అప్పుడు రోజులు బాగాలేవు. డిపోలో డ్రైవర్లకి ఏటా చేసే వైద్యపరీక్షలో ఏదో తేడా వచ్చిందని ఆయన్ని స్టీరింగు మీద నుంచి దింపి, షెడ్డులో టైర్లు చూసుకోమన్నారు. ఏం తేడానో ఆసుపత్రివాళ్ళు బయటపెట్టరు కాబట్టి, నడుము నొప్పి అని అందరికీ చెప్పుకున్నాడు. మళ్ళీ పరీక్ష చేస్తారు. అందులో గట్టెక్కితే బస్సు, లేకపోతే రిటైరయ్యేదాకా టైర్లే. మీసం మెలేసి బస్సెక్కే మనిషి, టైర్లకి గాలి కొట్టి వచ్చి, తన గాలి పోయినట్టు కూలబడేవాడు. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా కుడికాలు బ్రేకు కోసం వెతుక్కునేది. ఆ పరీక్ష గట్టెక్కాలని మా ముగ్గురికీ ఉండేది.

ఒకరోజు పిన్నిని డాక్టరమ్మకి చూపించాలని బాబాయి బయల్దేరితే నేనూ తోడు వెళ్ళాను. వరండాలో కూర్చున్నవాళ్ళందరికీ పిన్ని తన షుగరు సంగతి చెప్పడం పూర్తయ్యేసరికి లోపలికి పిలిచారు. నర్సు సూది పట్టుకుని వచ్చింది. నేను పిన్ని చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పబోయాను. నర్సు పిన్నిని దాటుకుని వెళ్ళి బాబాయి వేలికి గుచ్చింది.

నేను నోరు వెళ్ళబెట్టాను. పిన్ని నా వైపు చూసి, నోరు మూసుకో అన్నట్టు కళ్ళతోనే సైగ చేసింది.

డాక్టరమ్మ అంకె చూసి మొహం చిట్లించింది. తగ్గాల్సింది పోయి పెరిగింది. మందులు వేసుకుంటున్నారా, వేసుకుంటున్నాను. నడుస్తున్నారా, నడుస్తున్నాను. మిఠాయిలు తింటున్నారా, ఈవిడ తిననిస్తేగా. మరి పళ్ళు ఎలా తింటున్నారంటే, బాబాయి గర్వంగా ఛాతీ విరిచాడు. ఆ పిడికిలి లెక్కలు తనకి నచ్చవని, తింటే కడుపునిండా తినాలి లేకపోతే అసలు ముట్టుకోకూడదని, అందుకే డబ్బాలో పెట్టిచ్చిన పండు రోజూ ఎవరికో ఇచ్చేసి, షెడ్డు ఎదురుగా కొట్టులో ఒక పెద్ద గ్లాసుడు బత్తాయి రసం తాగుతున్నానని చెప్పాడు.

"చక్కెర వెయ్యొద్దని చెప్పే తాగుతున్నానండీ" అన్నాడు.

డాక్టరమ్మ నుదురు పట్టుకుంది. ఆ గ్లాసులో నాలుగైదు పళ్ళ తీపి ఉంటుందని, పిప్పి పారేశాక అది ఆపేవాళ్ళు లేని బస్సులా నేరుగా రక్తంలోకి పోతుందని చెప్పింది. పండు నమిలి తింటే పీచు పదార్థం దాన్ని కాస్త నెమ్మదిగా వెళ్ళనిస్తుందట. బస్సు మాట వినేసరికి బాబాయి మొహం మాడిపోయింది. డిపో పరీక్షకి ఇంక ఎక్కువ వ్యవధి లేదు.

పిన్ని నేరుగా రసం కొట్టుకి వెళ్ళి, పెద్ద గ్లాసుకి ఎన్ని పళ్ళు పిండుతారో అడిగి, అన్ని బత్తాయిలూ కొనుక్కొచ్చింది. ఇంట్లో అన్నీ ఒలిచి బాబాయి ముందు వరుసగా పెట్టి, ముందు ఒకటి తినండి అంది. బాబాయి ఒక్కొక్క తొన తీసి, గింజలు ఊసి, నమిలి తిన్నాడు. చాలాసేపే పట్టింది.

"ఇంకోటి తింటారా?"

"ఇప్పుడు వద్దులేవే, చాలు."

"చాలు కదా. మరి రోజూ ఇవన్నీ ఎవరు తాగారండీ?"

బాబాయి ఆ వరుస వంక చూసి, మిగతా బత్తాయిలు పిన్ని వైపు జరిపాడు. మిగిలినవి పిన్ని, నేను, పక్కింటివాళ్ళు పంచుకున్నాం. పక్కింటివాళ్ళకి ఇస్తూ, నాకు షుగరు కదా అన్నీ తినలేను అని చెప్పడం పిన్ని మర్చిపోలేదు.

ఆయన బయటికి వెళ్ళాక అడిగాను. "మరి నీకేమీ లేదా పిన్నీ?"

"నాకేం రోగమే? రాయిలా ఉన్నాను."

అసలు సంగతి అప్పుడు చెప్పింది. డిపోలో షుగరున్న ఒక పెద్ద కండక్టరు ఉన్నాడు. బాబాయి ఆయనకి పంచదార డబ్బా అని పేరు పెట్టి, క్యాంటీనులోకి వచ్చినప్పుడల్లా ఆటపట్టించి, తను పుట్టాక ఒక్క మాత్ర కూడా మింగలేదని గొప్పలు పోయేవాడట. అలాంటిది ఇప్పుడు తనకే వచ్చిందంటే అక్కడ మొహం ఎలా చూపిస్తాడు? మందులు కూడా వేసుకోనని భీష్మించుకుని కూర్చున్నాడట.

"మీ బాబాయికి సూదంటే భయం లేదు, మందంటే భయం లేదు. నలుగురూ నవ్వుతారంటేనే భయం. నాకా భయం లేదు. అందుకని ఆ నవ్వేదేదో నన్ను చూసి నవ్వుకోమన్నాను" అంది పిన్ని, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

పేటంతా చాటింపు వెయ్యడం ఎందుకు మరి అన్నాను. తను అరిస్తేనే ఆయన విస్తరిలోకి మిఠాయి రాదట, ఆయన అడగలేని ప్రశ్నలన్నీ తను అడిగి తెలుసుకోవచ్చట. ఆ పూట నాకు పిన్ని మీద ఎంత ప్రేమ వచ్చిందో చెప్పలేను. ఆవిడ పక్కన నడవడానికి సిగ్గుపడ్డ దాన్ని, మర్నాడు బజారులో నేను కూడా పిడికిలి ఎత్తాను.

అప్పటినుంచి ఇంట్లో బాబాయి పప్పులు ఉడకలేదు. భోజనం మీద పండు లేదు. మధ్యాహ్నానికీ సాయంత్రానికీ మధ్య ఒక చిన్న పండు, దాంతో నాలుగు వేరుశనగ గింజలు. ఒకరోజు జామకాయ, ఒకరోజు బొప్పాయి ముక్కలు, అరటిపండు అయితే సగం. ఎండుపళ్ళు అడిగితే, నీళ్ళు పోయి ఎండింది పండే కానీ తీపి కాదని ఒకటి, రెండు అని వేళ్ళ మీద లెక్కపెట్టి ఇచ్చేది. టీలో చక్కెర పోయింది. మందుల వేళకి పిన్ని మిషను ఆపి, "అయ్యో, నా మాత్ర వేళయింది" అని వీధిలోకి వినబడేలా అరిచేది. బాబాయి లోపలికి వెళ్ళి వేసుకుని వచ్చేవాడు. రోజూ ఆవిడ నడక కోసమని ఆయన తోడు నడిచేవాడు. చూసినవాళ్ళు మళ్ళీ ఆయన్నే మెచ్చుకునేవారు.

పరీక్ష రోజున డిపో ఆసుపత్రి గది బయట పిన్నీ నేనూ కూర్చున్నాం. ఎప్పుడూ లేనిది పిన్ని నోరు పెగల్లేదు. పక్కన ఒకావిడ తనంతట తానే ఏమ్మా ఒంట్లో బాగాలేదా అని అడిగినా ఊరికే తల ఊపింది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. బాబాయి బయటికి వచ్చి, రెండు చేతులూ ముందుకి చాచి, కనిపించని స్టీరింగు ఒకటి కుడికి తిప్పాడు. పిన్ని లేచి నిలబడి మళ్ళీ కూర్చుంది.

డిపో మేనేజరు గారికి ఇలాంటివంటే సరదా. అప్పటికప్పుడు క్యాంటీనులో మాతో సహా అందరినీ పోగుచేసి, మన డ్రైవరు నడుము నొప్పి తగ్గి మళ్ళీ స్టీరింగు ఎక్కుతున్నాడని చెప్పాడు. జబ్బుమనిషి భార్య కోసం నోరు కట్టుకున్న ఇలాంటి భర్తని చూసి అందరూ నేర్చుకోవాలన్నాడు. చప్పట్లు కొట్టారు. పిన్ని అందరికన్నా గట్టిగా కొట్టింది.

బాబాయి లేచాడు. ఏదో థాంక్స్ చెప్పి కూర్చుంటాడనుకున్నాం.

"నాకు నడుము నొప్పి ఎప్పుడూ లేదు" అన్నాడు. "షుగరు మా ఆవిడకి కాదు. నాది. చెప్పుకోవడానికి సిగ్గేసి దాచుకుంటే, ఆవిడ తన నెత్తిన వేసుకుంది."

బాబాయి మూల బల్ల దగ్గరున్న కండక్టరు వైపు తిరిగాడు. "ఆయనకి పంచదార డబ్బా అని పేరు పెట్టింది నేనే. తప్పు చేశాను. ఇవాళ్టి నుంచి ఆ పేరు నాది."

కండక్టరు నెమ్మదిగా లేచి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఆ పేరు ఇచ్చేది లేదు తమ్ముడూ. సర్వీసులో నేను సీనియర్ని. కావాలంటే నువ్వు చిన్న డబ్బావి" అన్నాడు.

క్యాంటీను కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఆ నవ్వులోనే వెనక నుంచి ఒక మెకానిక్కు, నాకూ ఉంది అన్నాడు. ఇంకో డ్రైవరు, నాకు రెండేళ్ళుగా ఉంది, మా ఇంట్లో కూడా తెలియదు అన్నాడు. చివరికి మేనేజరు గారు గొంతు సవరించుకుని, తనకి కూడా కొద్దిగా ఉందని ఒప్పుకున్నాడు.

అందరూ నవ్వుతున్నా పిన్ని మాత్రం మూతి ముడుచుకుని నిలబడింది. ఏమైందే అన్నాడు బాబాయి దగ్గరికి వచ్చి.

"ఏమవడమేమిటండీ, ఇన్నాళ్ళూ ఎంత కష్టపడి పేరు తెచ్చుకున్న జబ్బు, నాతో ఒక్క మాట చెప్పకుండా లాగేసుకున్నారు. రేపటి నుంచి నేను బజారులో ఏ మొహం పెట్టుకుని తిరగాలి?"

ఆ మాట పూర్తవకుండానే మెకానిక్కు వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. మామిడిపండు అసలు తినకూడదా అక్కా అని అడిగాడు. అతని వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక మేనేజరు గారు. పిన్ని అలక ఎటు పోయిందో తెలియదు. మెడలో టేపు సర్దుకుని కుర్చీ లాక్కుని కూర్చుని, ఒకటి రెండు ముక్కలైతే ఫరవాలేదని మొదలుపెట్టింది.

సాయంత్రం బాబాయి నడిపిన మొదటి బస్సు మేమే ఎక్కాం. పిన్ని ముందు సీట్లో కూర్చుంది. బస్సు గేటు దాటకముందే పక్కనున్న పెద్దావిడని మోచేత్తో తట్టింది.

"ఆ డ్రైవరు మా ఆయనేనండీ. ఆయనకి షుగరు. అయినా అదుపులో పెట్టుకుని ఎలా తోలుతున్నారో చూడండి."

రోడ్డు మీద అడ్డంగా ఎవరూ లేరు. అయినా బాబాయి హారను కొట్టాడు.