దండలు వేసినంతసేపు వచ్చిన నీళ్లు

నేను ఇరవైల్లో ఉన్న ఆ కాలంలో కరీంనగర్‌లో పొద్దు కూడా తొందర లేకుండా ఎక్కేది. హైదరాబాదు పత్రికలు మధ్యాహ్నం బస్సుకు గాని వచ్చేవి కావు. నిన్నటి లోకం మాకు ఇవాళ తెలిసేది, అయినా ఎవరికీ వెలితిగా ఉండేది కాదు. నిజాం రాజ్యం పోయింది, ఓట్లు వచ్చాయి, కొత్త రాష్ట్రం ఏర్పడింది. ఇక మిగిలిందల్లా నా రాత అచ్చులో పడడమే అన్నట్టు నేను మబ్బుల్లో నడుస్తుండేవాణ్ణి. (అప్పటికి ఉద్యోగం లేదు కనుక మబ్బుల్లో నడవడానికి తీరిక బాగానే ఉండేది.)

ఆ తీరికను పాడుచేసింది మా మేనమామ. ఆయన కొత్తగా మున్సిపల్ చైర్మన్ అయ్యాడు. చదువు పేరు చెప్పి నేను ఆయన ఇంట్లోనే ఉంటూ, అత్తమ్మ చేసే సర్వపిండి తింటూ కాలం గడుపుతున్నాను. ఊళ్లో ఒక వారపత్రిక ఉండేది. దాన్ని నడిపే పెద్దాయన ఒకప్పుడు బడిపంతులు. పాత ప్రభుత్వానికి నచ్చని మాట రాసి కొంతకాలం జైల్లో ఉండి వచ్చిన మనిషి. ఊరంతా ఆయన్ని పేపర్ పంతులు అనేది. ఒకరోజు మామ నన్ను వెంటబెట్టుకుని ఆ రెండు గదుల అచ్చాఫీసుకు పోయి, "పంతులూ, మా అల్లుడు తెలుగు మంచిగ రాస్తడు. జర మీ దగ్గర పెట్టుకోండ్రి" అన్నాడు. పత్రికలో మనవాడొకడు ఉంటే మన మాట నాలుగు కాలాలు నిలుస్తుందని ఆయన ఆశ. (ఆ ఆశ నెల తిరక్కుండానే ఏమైందో మీరే చూస్తారు.)

నేతపనివాళ్ల గల్లీలో మొట్టమొదటి నల్లా పెట్టారు. అంతవరకు అక్కడి ఆడవాళ్లు మానేరు వాగు దాకా పోయి నీళ్లు మోసుకొచ్చేవారు. తాగడానికీ అవే, వంటకూ అవే, నూలుకు పట్టించే గంజి కాయడానికీ అవే. నల్లాను ప్రారంభించడానికి మంత్రిగారు వచ్చారు. బడి గోడ ముందు పందిరి, మామిడాకులు, బ్యాండు మేళం. మామ మెడ దండల్లో మునిగిపోయి కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. మంత్రిగారు నల్లా తిప్పగానే నీళ్లు ఎండలో వెండిలా జారిపడ్డాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. నేనైతే అక్కడ లేనే లేను. ఏదో ఏటి ఒడ్డున తేలిపోతూ, నా వార్తలో గంగమ్మను ఎక్కడి నుంచి దించాలా అని ఆలోచిస్తున్నాను.

రాసిందంతా పంతులు చేతిలో పెట్టాను. అందులో శివుడి జటాజూటం ఉంది, భగీరథుడు ఉన్నాడు, భగీరథుడి పక్కనే మామ కూడా ఉన్నాడు. పంతులు కళ్లద్దాలు సర్దుకుని ఓపికగా చదివాడు. "మంచిగున్నది బిడ్డా. ఇంతకు, ఆ నీళ్లు నువ్వు తాగినవా?" అని అడిగాడు. తాగలేదన్నాను. "రేపు పొద్దుగాల పొయ్యి తాగిరా. అటెన్క అచ్చుకిద్దాం."

తెల్లారి పోయాను. నల్లాకు కట్టిన మామిడాకులు అప్పటికే వాడిపోయాయి. తిప్పితే చుక్క రాలేదు. చెవి పెట్టి విన్నాను. లోపల గాలి హోరుమంటోంది. సముద్రం ఇలాగే ఉంటుందేమో (నేను అప్పటికి సముద్రం చూడలేదు) అనుకుంటూ కళ్లు మూసుకుని వింటున్నాను. ఇంతలో వెనక నుంచి అత్తమ్మ తల్లి గొంతు వినబడింది. ఆమె ఇల్లు ఆ గల్లీలోనే. నేను అమ్మమ్మ అని పిలిచేవాణ్ణి.

"ఏమిరా, నల్లా ఏం చెప్తున్నది చెవుల?"

"నీళ్లు వస్తలేవేంది అమ్మమ్మా?"

"ఏడికెల్లి వస్తయిరా? బడి మీద డ్రమ్ము పెట్టి, కావళ్లతోని నీళ్లు మోసి నింపిండ్రు. దండలేసుడు అయ్యే దాక వచ్చినయి. గా డ్రమ్ము గూడ తీస్కపోయిండ్రు" అని, ఖాళీ బిందె చంకన పెట్టుకుని మానేరు వైపు నడిచింది.

వెనక్కి వచ్చి పంతులుకు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "మీ మామను గూడ అడుగు. ఆయన మాట లేకుండ వార్త వెయ్యద్దు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం మామా నేనూ పక్కపక్కన పీటల మీద కూర్చుని భోజనం చేస్తున్నాం. పప్పు అయ్యాక ధైర్యం తెచ్చుకుని, "మామా, నేను పత్రిక తరఫున ఒక మాట అడగాలె" అన్నాను.

"పత్రిక తరఫున అడిగేటోడు మొదలు నా పీట మీదికెల్లి లేవాలె" అన్నాడు మామ.

లేచి నిలబడ్డాను. ఎంగిలి చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. మెతుకులు ఎండుతున్న ఆ చేత్తోనే, "నల్లాల నీళ్లు ఎందుకు వస్తలేవు, చైర్మన్ సాబ్?" అని అడిగాను. నెయ్యిగిన్నె పట్టుకుని వచ్చిన అత్తమ్మ అక్కడే ఆగిపోయింది. మామ ముద్ద దించి, "పైపులు తక్కువ పడ్డయ్‌రా. మంత్రిగారు మళ్ల మళ్ల వస్తడా? అందుకే ఓపెనింగ్ చేపిచ్చిన. పైపులు వస్తయి తియ్. గిది మామగ చెప్పిన, చైర్మన్‌గ గాదు" అన్నాడు.

ఈ రెండింటికీ హద్దు ఎక్కడుందో నాకు తెలియలేదు. పంతులునే అడిగాను. "పైపులు రావలసి ఉన్నదని చైర్మన్ గారు తెలిపారు అని రాయ్. మామలు మన పత్రికల ఉండరు" అన్నాడు. గంగమ్మ పోయింది, భగీరథుడు పోయాడు. మిగిలింది చిన్న వార్త. అందులో నల్లా ఉంది, నీళ్లు లేవు, డ్రమ్ము ఎత్తుకుపోయిన సంగతి ఉంది.

పత్రిక బయటికి వచ్చిన రోజే మామ అచ్చాఫీసుకు వచ్చాడు. నేను అచ్చు అక్షరాల గూళ్ల వెనక నక్కాను.

"పంతులూ, గిట్ల రాస్తరా? జనం నాకు ఓటేసిండ్రు, మీకు వెయ్యలే!"

"అందుకే రాసిన చైర్మన్ సాబ్. ఓటేసినోళ్లకు తమరు ఏం చేస్తుండ్రో ఎట్ల తెలవాలె? అందరు మీ పందిట్లకు వస్తరా?"

"మున్సిపాలిటీ ప్రకటనలు బంద్ చేస్త."

పంతులు ముఖం ఒక్క క్షణం వాడింది. ఆ ప్రకటనలతోనే మా పత్రిక బతికేది. కాని గొంతు మారలేదు. "మీ ఇష్టం. వార్తల తప్పుంటె చెప్పుండ్రి, దిద్దుత."

"తప్పే! నీళ్లు అసలే రానట్టు రాసిండ్రు. గా రోజు వచ్చినయి గదా?"

"నిజమే. దిద్దుత" అన్నాడు పంతులు.

తరువాతి వారం సవరణ పడింది. "ప్రారంభోత్సవం నాడు పూలదండలు వేసినంతసేపు నీళ్లు వచ్చినవని చైర్మన్ గారు తెలియజేశారు." అంతే. బస్టాండులో, తాలూకా కచేరీలో, మగ్గాల గుంటల్లో ఊరంతా ఆ ముక్క చెప్పుకుని నవ్వింది. ఆ రాత్రి మామకు అత్తమ్మ కంచం పెట్టి, పక్కన ఖాళీ గ్లాసు ఉంచిందట. నీళ్లేవని అడిగితే, "దండ తెమ్మంటవా?" అందట. (ఇది మా చిన్న మరదలు చెప్పిన వార్త. మామ వైపు మాట తీసుకోలేదు కనుక అచ్చు వేయలేదు.)

నవ్వు బాగానే ఉంది గాని, మాకు రోజులు గడవడం కష్టమైంది. ప్రకటనలు ఆగాయి. పత్రిక సగం కాగితానికి కుంచించుకుపోయింది. మామ నాతో మాట్లాడడం మానేశాడు. నా పరుపు అరుగు మీదికి మారింది. అక్కడ వెల్లకిలా పడుకుని, పత్రిక మూతబడితే పాపం నాదా డ్రమ్ముదా అని చుక్కల్ని అడిగేవాణ్ణి. ఆలోపు గల్లీ ఆడవాళ్లు ఖాళీ బిందెలు తెచ్చి మున్సిపల్ ఆఫీసు ముందు వరసగా పెట్టి కూర్చున్నారు. ముందు వరసలో అమ్మమ్మ. అల్లుడైన మామను చూసి, మర్యాదగా కొంగు సవరించుకుని మరీ కూర్చుంది.

మామ చెడ్డవాడు కాడు, దండలంటే కాస్త మోజు, అంతే. ఆ మాపటి బస్సుకే హైదరాబాదు పోయాడు. అక్కడ ఇంజనీరు ముందు మా పత్రికే విప్పి, "పేపర్ల పడ్డది సార్, నా ఇజ్జత్ పోయింది, పైపులియ్యకుంటె నేను ఊరికి పోను" అని కూర్చున్నాడట. పైపులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం పందిరి లేకుండా, మేళం లేకుండా నల్లాలో నీళ్లు వచ్చాయి. మామ ధోవతి ఎగగట్టి, అమ్మమ్మ బిందె తానే నింపి తలకెత్తాడు. నన్ను చూసి, చాలా రోజుల తరువాత నోరు విప్పాడు.

"గిది గూడ రాస్తవా?"

"రాస్త మామా."

"ధార సన్నగున్నదని గూడ రాస్తవా?"

"సన్నగనే ఉన్నది గదా మామా."

దోసెడు నీళ్లు నా ముఖాన కొట్టి, పకపకా నవ్వాడు.

తరువాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం అచ్చాఫీసు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. "అల్లుడా, మా గల్లీల దీపం వెలుగుతలే. కొత్త చైర్మన్‌కు చెప్తె ఇంటలేడు. జర పేపర్ల వెయ్" అన్నాడు. పంతులు తల ఎత్తకుండానే ముసిముసిగా నవ్వి, కుర్చీ ముందుకు జరిపాడు. వార్త పూర్తయ్యేదాకా మామ ఆ కుర్చీలో చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

ఆ తరువాత నేను పెద్ద ఊళ్లలో, పెద్ద పత్రికల్లో పనిచేశాను. ఏది రాస్తే ఎవరికి కోపం వస్తుందో రాయకముందే తెలుసుకుని, కొన్ని రాయకుండా దాటేసే నేర్పు వచ్చింది. దాన్ని అనుభవం అంటారు. ఇప్పుడు మధ్యాహ్నపు కునుకులో ఒక్కోసారి ఆ ఇరవయ్యేళ్ల కుర్రవాడు ఎదురవుతాడు. నన్నేమడుగుతాడో అని లోలోపల భయంగానే ఉంటుంది. అడక్కుండా మాత్రం పోడులే అని, కళ్లు తెరవకుండానే నవ్వుకుంటాను.