బావ వీపు మీద మోగిన చప్పుడు

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆగిపోయినా, జగ్గయ్యపేట లైబ్రరీలో సైన్సు పుస్తకాలు దాదాపు అన్నీ చదివేశాను. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందన్న నమ్మకం ఇప్పటికీ పోలేదు. అందుకే ఇది రాయడం ఇబ్బందిగా ఉంది.

మా బావ ముక్త్యాల నుంచి సిమెంటు లారీ నడిపేవాడు. కొన్నేళ్ల కిందట వీపు చీల్చినట్టు నొప్పి వచ్చి కుప్పకూలాడు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం లోపలి పొర చీలిందట. విజయవాడలో ఛాతీ తెరిచి, చీలిన చోట గుడ్డ గొట్టం కుట్టి, దాని కిందుగా స్టెంటు వేశారు. బతికాడు. స్టెంటు బాగున్నా, అది చేరని కింది భాగం ఏళ్ల తరవాత ఉబ్బవచ్చని, ఏటా స్కాన్ తప్పదని చెప్పారు.

లారీ మానేసి నందిగామలో హైవే పక్కన టైర్ల కొట్టు పెట్టుకున్నాడు. లారీవాళ్లు బయల్దేరే ముందు ఇనప రాడ్డుతో టైర్లు కొట్టి చూస్తారు. గాలి నిండుగా ఉంటే ఖంగుమంటుంది. తగ్గితే మెత్తగా మోగుతుంది. అది చూసి మా అక్క రోజూ పొద్దున్నే బావ వీపు మీద వేలి కణుపులతో రెండు దెబ్బలు వేసేది.

"గాలి నిండుగా ఉంది, ఇక కదలండి సారూ" అనేది. స్కానుకి లాక్కెళ్లేదీ ఆమే.

అక్క జ్వరంతో పోయింది. బావ స్కానులు మానేశాడు.

ఓ మధ్యాహ్నం కొట్లో ఆయన ఎదురుగా కూర్చుని, రక్తనాళాల గురించి పుస్తకంలోంచి చదివి వినిపిస్తున్నాను.

"ఒరే బామ్మర్దీ, నీ పుస్తకానికో దణ్ణం. గుండ్రాయిలా ఉన్నా కదరా!" అన్నాడు.

అప్పుడు వినిపించాయి. రెండు దెబ్బలు, మెత్తగా. బావ ముందుకు తూలాడు.

"ఎందుక్కొట్టావురా?"

పుస్తకం నా రెండు చేతుల్లోనూ ఉంది. ఆయన వెనక గోడ దాకా టైర్లు పేర్చి ఉన్నాయి. మనిషి దూరే సందు లేదు. లేచి చూశాను. ఏదీ జారిపడలేదు.

బావ చెయ్యి వెనక్కి పెట్టి వీపు తడుముకున్నాడు.

"మెత్తగా మోగిందిరా" అన్నాడు చివరికి. "మీ అక్క ఊరుకోదు. రేపు పోదాం పద."

స్కాన్ తీస్తే, పాత స్టెంటు చెక్కుచెదరలేదు. దాని కింద నాళం బాగా ఉబ్బింది. ఇంకా ఆలస్యమైతే పగిలిపోయేదన్నారు డాక్టరుగారు. గజ్జల్లోంచి మరో స్టెంటు పంపి కాపాడారు.

ఒళ్లే ముందుగా హెచ్చరించిందేమో అనుకున్నాను. కానీ అది ఆయన ఒళ్లు. చప్పుడు విన్నది నా చెవి కూడా. ఇద్దరికీ ఒకేసారి ఒకే భ్రమ ఎలా కలుగుతుందో వెతికాను. దొరికిందేదీ సరిపోలేదు. నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు స్కాన్ రోజు వస్తే బావే ఫోన్ చేసి పిలుస్తాడు. ఈసారి ఆస్పత్రి బెంచీ మీద ఆయన పక్కన కూర్చోబోతే, "కొంచెం అటు జరగరా" అన్నాడు. మా ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటు ఉంచాడు.

ఎవరికని అడగలేదు. జరిగి కూర్చున్నాను.