జాబితాలో లేని కాలేజీ

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఆగస్టు మొదటి వారంలో, నన్ను ఎంబీబీఎస్ ప్రవేశాల సహాయ కేంద్రానికి డెప్యుటేషన్ మీద వేశారు. అప్పటికి నేను నగరంలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో అనాటమీ ప్రొఫెసర్‌ని. ఉత్తర్వులో నా హోదా ‘సహాయ కేంద్ర అధికారి’. అంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాలేజీ గదిలో ఫ్యాను కిందకు బల్ల జరుపుకుని కూర్చుని, పిల్లల సర్టిఫికెట్లు సరిచూసి, వెబ్ ఆప్షన్లు ఎలా పెట్టుకోవాలో చెప్పడం. ఏ కాలేజీ పెట్టుకోవాలో మాత్రం చెప్పకూడదు. ఆ వాక్యం కింద గీత గీసి మరీ ఇచ్చారు.

తెలియనివాళ్ల కోసం ఆ పద్ధతి చెబుతాను. ర్యాంకు వచ్చిన ప్రతి విద్యార్థీ తనకు కావలసిన కాలేజీలను ఇష్టం వచ్చిన వరుసలో కంప్యూటర్‌లో పేర్చుకోవాలి. ఆ విద్యార్థి వంతు వచ్చేసరికి ఖాళీ ఉన్నవాటిలో, జాబితాలో అన్నింటికంటే పైనున్న కాలేజీని కంప్యూటర్ ఇస్తుంది. జాబితాలో పెట్టని కాలేజీ ఎంత ఖాళీగా ఉన్నా ఇవ్వదు. గడువులోగా ‘ఫ్రీజ్’ నొక్కితే ఇక మార్పుల్లేవు. ఇంతే సంగతి. పదో తరగతి పిల్లవాడికి పది నిమిషాల్లో అర్థమవుతుంది, వాళ్ల నాన్నకు పది రోజులైనా అర్థం కాదు.

ఎందుకంటే, ర్యాంకు వచ్చిన ఇంట్లో ఆ పిల్ల తప్ప మిగతావాళ్లంతా నిపుణులే. ఒకాయన వాస్తు ప్రకారం కాలేజీలను పేర్చుకొచ్చాడు. తమ ఇంటికి నైరుతిలో ఉన్నవన్నీ కొట్టేశాడు. ఇంకొకాయన మెట్రో స్టేషన్‌కు ఎంత దూరమో కొలిచి వరుస పెట్టాడు. రాహుకాలం దాటితే గానీ ఫ్రీజ్ నొక్కం అని నలుగురు కుటుంబ సభ్యులు వరండాలో కూర్చున్న రోజూ ఉంది. ఆ గంటన్నర గడిచేసరికి కరెంటు పోయింది.

యాదగిరి మూడో రోజు వచ్చాడు. ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర అతనికి కార్ల స్పేర్ పార్ట్స్ దుకాణం ఉంది. నా కారు బ్యాటరీ, వైపర్లు అక్కడే కొనేదాన్ని కాబట్టి ముఖ పరిచయం. వెంట కూతురు శ్రవంతి, బావమరిది లింగస్వామి. ఈ లింగస్వామి విదేశీ వైద్య విద్యకు పిల్లల్ని పంపే ఒక కన్సల్టెన్సీలో పనిచేస్తున్నాడు. ఎండలో కోటు వేసుకుని వచ్చాడు కాబట్టి అతను చెప్పక ముందే నాకు అర్థమైంది.

శ్రవంతి ర్యాంకు చూశాను. నగరంలో ప్రభుత్వ సీటు రావడానికి చాలదు. కొత్తగా పెట్టిన జిల్లా కాలేజీల్లో మాత్రం దాదాపు ఖాయం. కానీ వాళ్ల జాబితాలో ఉన్నవన్నీ నగరంలోని కాలేజీలే. ఒక్క జిల్లా కాలేజీ కూడా లేదు. యాదగిరి వాళ్ల సొంత నల్గొండ వైపు పెట్టిన కాలేజీ కూడా లేదు.

రాకపోతే ఏం చేస్తారని అడిగాను. లింగస్వామి ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. మధ్య ఆసియాలోని ఒక విశ్వవిద్యాలయం. మెరిసే కాగితం. తిరగేశాను. మంచు కొండలు, హాస్టల్లో గీజరు, మన పప్పు మన చారు వండే మెస్సు, చీరలు కట్టుకుని బతుకమ్మ ఆడుతున్న అమ్మాయిలు. ఆస్పత్రి ఎక్కడని వెతికాను, కనబడలేదు. ఎన్ని పడకలుంటాయని అడిగితే, “రూముకు రెండే మేడం, ఫుల్ కంఫర్ట్” అన్నాడు. నేను అడిగింది రోగుల పడకల గురించి అని చెప్పాల్సి వచ్చింది. దూరపు కొండలు నునుపు అంటారు. ఈ కొండలకు మంచు కూడా ఉండటంతో మరింత నునుపుగా కనిపించినట్టున్నాయి.

నాకు లోపల నవ్వొస్తోంది. ఆ పుస్తకాన్ని స్టాఫ్ రూములో అందరికీ చూపించాలని అనుకుంటున్నాను కూడా. అప్పుడు శ్రవంతి మొదటిసారి నోరు విప్పింది.

“మేడం, మా జిల్లా కాలేజీని ఆఖర్ల పెడితే పైనున్నవాటికి ఏమన్న నష్టమా?”

నష్టం లేదని చెప్పాను. పైవి ఏవీ రానప్పుడే కంప్యూటర్ కిందికి దిగుతుందని వివరించాను. ఇది పద్ధతి చెప్పడమే, సలహా కాదు. ఆ అమ్మాయి తండ్రి వైపు తిరిగింది. “నాన్నా, ఒక్కటే పెడదాం. కింద. నాకు ఈడనే చదవాలని ఉంది.”

లింగస్వామి ఊరుకోలేదు. “బావా, గా కాలేజీల సదివిందంటే రేపు నలుగురిల ఏమని చెప్పుకుంటవ్? ఫారిన్ రిటర్న్ అంటే దాని వజనే వేరు.”

యాదగిరి తొందరపడే మనిషి కాదు. ఆ పుస్తకం మూసి అన్నాడు, “మేం గాడికెళ్లి బయటపడి ఈడికొచ్చినం మేడం. మల్ల బిడ్డను గాడికే పంపాల్నా అని నా పరేషాన్. అయినా అది సదువుకుంటనంటే నేనెందుకు అడ్డం పడత? ఒక్క మాట అడుగుత. పోయినేడు మా దుకాణం ముంగట మీ డాక్టర్లంత తెల్లకోట్లు చేతుల పట్టుకొని బస్సెక్కిన్రు. పొద్దుగూకక ముందే మల్ల ఆడనే దిగిన్రు. మీరు గూడ ఉన్నరు, నేను చూసిన. ఆ కాలేజీకే పోయిన్రని డ్రైవర్ చెప్పిండు. మీరు ఆడ పనిచేసిన్రు కద, ఎట్లుంటది మేడం?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి పక్కనున్న ఫైలు మీదకు పోయింది.

ఆ బస్సు కథ చెప్పాలి. కొత్త కాలేజీకి అనుమతి రావాలంటే తనిఖీ బృందం వచ్చి అధ్యాపకుల తలలు లెక్కపెడుతుంది. తలలు చాలవు. కాబట్టి నగరంలో ఉన్న మాలో కొందరిని కాగితం మీద అక్కడికి వేసి, తనిఖీ రోజున ఎల్బీ నగర్ నుంచి బస్సులో తీసుకుపోయేవారు. ఆ రోజు నేను ఆ కాలేజీలో అనాటమీ విభాగాధిపతిని. రిజిస్టర్‌లో సంతకం పెట్టాను, బృందానికి నమస్కారం పెట్టాను, పులిహోర తిన్నాను. సాయంత్రం ఐదింటికి చంపాపేటలో మా ఇంట్లో టీ తాగుతున్నాను. నిజంగానే నన్ను అక్కడికి రెండుసార్లు బదిలీ చేశారు. రెండుసార్లూ పైవాళ్లను పట్టుకుని రద్దు చేయించుకున్నాను.

యాదగిరికి రెండు జవాబులు చెప్పవచ్చు. ఒకటి, అక్కడ నేను పనిచేయలేదు, ఒక్కరోజు కనిపించి వచ్చానని. రెండోది, మావాళ్లు నిలవకపోయినా అక్కడ రోగులున్నారు, శరీర నిర్మాణం నేర్చుకోవడానికి శవాలున్నాయి, ఆ పుస్తకంలోని గీజరు కంటే అవి వెయ్యి రెట్లు మేలని. రెండూ నిజాలే. రెండోది చెప్పాలంటే మొదటిది ఒప్పుకోవాలి. పక్క బల్ల దగ్గర ఇద్దరు అసోసియేట్ ప్రొఫెసర్లు, నా కింద పనిచేసినవాళ్లు, చెవులు ఇటే పెట్టి ఉన్నారు. వాళ్లూ ఆ బస్సులో వచ్చినవాళ్లే.

“కాలేజీల గురించి అభిప్రాయం చెప్పడం సహాయ కేంద్రం పరిధిలోకి రాదండీ” అన్నాను.

యాదగిరి తల ఊపాడు. కోపం లేదు. అడిగినదానికి జవాబు దొరికిన మనిషిలాగే ఉన్నాడు. “సమజైంది మేడం,” అని ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అంకెలు కూతురికి చదివి వినిపించాడు. శ్రవంతి నా వైపు ఒకసారి చూసింది. నేను ఫైలు చూసుకుంటున్నాను. ఆ అమ్మాయి జాబితాను ఉన్నది ఉన్నట్టే ఫ్రీజ్ చేసింది.

వారం తర్వాత కేటాయింపులు వచ్చాయి. చూడాల్సిన పని లేకపోయినా చూశాను. శ్రవంతికి ఏమీ రాలేదు. ఆమె కంటే చాలా వెనకున్న పిల్లవాడికి ఆ జిల్లా కాలేజీలో సీటొచ్చింది. అక్టోబరులో శ్రవంతి విమానం ఎక్కిందని దుకాణంలో విన్నాను.

రిటైరయ్యాక ఒకసారి వైపర్లు మార్పించడానికి వెళితే యాదగిరి స్టూలు వేసి కూర్చోబెట్టాడు. శ్రవంతి మూడో ఏడుకొచ్చిందట. మెస్సులో పప్పు బాగానే ఉందట. “శవాన్ని మాత్రం అద్దంలకెళ్లి చూపించిన్రంట మేడం, ముట్టనియ్యలేదంట. ఒచ్చినంక ఈడ మల్ల పరీక్ష రాయాల్నంట కద?” అని అడిగాడు. అవునన్నాను, అది గట్టి పరీక్ష అని కూడా చెప్పాను. ఈసారి నా పరిధి గుర్తుకు రాలేదు. అతను ఫిర్యాదుగా అనలేదు. అలా అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ రంగుల పుస్తకం గురించి నేను స్టాఫ్ రూములో చాలాసార్లు చెప్పి నవ్వించాను. తల్లిదండ్రులు తెలివితక్కువగా ఆప్షన్లు పెడతారని ఉపన్యాసాలూ ఇచ్చాను. యాదగిరి తెలివితక్కువవాడు కాదు. కాలేజీ సంగతి తేల్చుకోవడానికి ప్రచారం వినకుండా, అక్కడి పంతుళ్లు సాయంత్రానికి ఏ ఊళ్లో ఉన్నారో చూశాడు. ఆ కాలేజీని తన జాబితాలో అతను పెట్టుకోలేదు. అంతకు ముందే రెండుసార్లు నా జాబితాలోంచి దాన్ని నేను కొట్టేసి ఉన్నాను.