రంగూన్‌లో ఇటుకల వేట

పంతొమ్మిదివందల ఇరవైల మాట. నాకు రేవులో మూటలు మోసే పని. నా భార్య రంగూన్‌లో ఓడ దిగిన నాటినుంచీ తిరుగు ఓడ గురించే మాట్లాడేది. లమ్మడా పేటలో మూడో అంతస్తు గది మాది. కిందకి చూస్తే కళ్లు తిరుగుతాయనేది, నది వాసన పడదనేది. కొండ దిగువన పుట్టిన మనిషి, పాపం. వానలు మొదలయ్యేలోగా తనను పంపించెయ్యమని పట్టుబట్టింది. ఆమె వెళ్లిపోతే ఆ గదిలో ఒక్కణ్నీ ఎలా బతకాలో నాకు తెలియలేదు.

ఇంతలో చైత్రం వచ్చింది. మావైపు అది ఇటుకల పండగ, మగవాళ్లందరూ వేటకెళ్లే నెల. పెద్ద కొమ్ముల కణుజు దుప్పి ఒకటి కొట్టుకొచ్చి పండగ చేస్తే ఇదీ మన ఊరేనని ఆమెకు అనిపిస్తుందని నా ఆశ. బియ్యపు మిల్లులో పనిచేసే మా బావ దొరను బతిమాలి తుపాకి తెచ్చాడు. పెగూ అడవులు తెలిసిన బర్మా వేటగాణ్ని కూడా మాట్లాడాడు. కొమ్ములూ ఒక తొడా ఇస్తే చాలన్నాడట ఆయన. నాకు ఒళ్లు మండింది. ఇంకొకడు చూపిస్తే కొట్టేది వేటెలా అవుతుంది? వద్దంటే వద్దన్నాను.

ఇద్దరమే రైలెక్కాం. మావైపు ఊరంతా డప్పులు కొడుతూ అడవిని చుట్టుముట్టి జంతువును తోలుకొస్తారు. నాకు తెలిసిన వేట అదొక్కటే. కాబట్టి బావ తుపాకితో చెట్టుచాటున కూర్చున్నాడు, నేనొక్కణ్నే డప్పు కొట్టుకుంటూ వెదురుపొదల్లో తిరిగాను. కణుజు కనిపించింది కూడా, దున్నపోతంత ఉంది. నన్ను తేరిపార చూసి, డప్పు లేని వైపునుంచి తాపీగా వెళ్లిపోయింది. మిగతా దిక్కులు కాయడానికి మనుషులేరీ? బావ రైల్లో దారిపొడుగునా నవ్వుతూనే ఉన్నాడు.

ఇంటి మెట్లెక్కుతుంటే ప్రాణం ఉసూరుమంది. మా గది ముందు ఆమె నిలబడి ఉంది. నా ఖాళీ చేతులు చూసింది. మరుక్షణం కుండెడు పేడనీళ్లు నా నెత్తిన పడ్డాయి. ఇటుకల వేటనుంచి ఉత్తచేతులతో వచ్చిన మగవాడికి మావైపు ఆడవాళ్లు చేసే మర్యాద అది. వీధి చివర పాలవాళ్ల కొట్టం ఎక్కడుందో వెతుక్కుని, ఒక్కర్తే వెళ్లి పేడ తెచ్చుకుందట. ఓడ దిగాక మొదటిసారి నవ్వింది, పొట్ట పట్టుకుని నవ్వింది. సంతోషంతో నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తరవాత నా తల తుడుస్తూ అంది:

"వొచ్చే ఇటుకలకి ఆ బర్మాయన్ని ఎంటెట్టుకుని ఎల్లు. నాకు కణుజు కూర తినాలనుంది."

వచ్చే ఇటుకలంటే ఇంకా ఏడాది. నేను మారుమాట లేకుండా ఒప్పేసుకున్నాను.