చెవి మడతలో దూది

నిన్న వట్టివేళ్ల అత్తరు కొన్నాను. మూత తీసి మణికట్టుకు రాసుకుంటే గుప్పుమంది. నేను వెతుకుతున్నది ఇదే, కానీ ఇందులో ఏదో తక్కువైంది. ఏమిటో తెలియక పొద్దంతా చెయ్యి వాసన చూసుకుంటూనే ఉన్నాను.

నా చిన్నప్పుడు మా నాయన నాచారంలో ఒక మందుల కంపెనీలో పనిచేసేవాడు. సాయంత్రం చిల్కానగర్‌లోని మా ఇంటికి వచ్చేసరికి ఆయన చెవి మడతలో అత్తరు అద్దిన దూది ఉండేది. చెవిలో దూది అంటే నాకు తెలిసింది చెవిపోటే. పైగా మందుల కంపెనీ కదా, ఆ దూదిలో ఉన్నది మందే అనుకున్నాను. అంత మంచి వాసన వేసే మందుకు ఈ పోటు ఎందుకు తగ్గదో అర్థమయ్యేది కాదు.

ఒకరోజు ఆయన చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అడిగాను.

"నాయినా, చెవు ఇంకా నొస్తుందా?"

ఆయన ఉలిక్కిపడి నవ్వాడు. "నొప్పికి కాదు బిడ్డా. కంపెనీ మందుల వాసన ఒంటికి అంటుకుంటది. గిది పెట్టుకోకుంటే బస్సుల నా పక్కన ఎవ్వరు కూసోరు."

నాకు ఇంకా అయోమయమైంది. ఆయన చొక్కాలో మొహం పెట్టి పీల్చాను. వట్టివేళ్ల వాసన కింద ఘాటుగా, చేదుగా ఇంకేదో తగిలింది.

"గిది నీ వాసననే గద నాయినా!"

నాయన నవ్వు ఆగిపోయింది. లేచి స్నానానికి వెళ్లాడు.

మణికట్టు మళ్లీ వాసన చూశాను. అత్తరు అదే. బస్సులో పక్కవాళ్లకు తెలియకుండా ఆయన దాచుకున్న ఆ చేదు వాసనే ఇందులో లేదు.