కాక రేటుకే కావాలట

లేత్ కాక పోయాడు. కోరుట్లలో నా స్పేర్‌పార్టుల దుకాణం పక్కనే ఉన్న రేకుల షెడ్డులో ఏళ్ళ తరబడి లేత్ మిషను నడిపిన మనిషి. పోయిన నెల ఒక సాయంత్రం ఛాతీ పట్టేసిందని మిషను ఆపి, బయట స్టూలు మీద కూర్చున్నాడు. కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. వెంట పోయిన చిన్నమ్మ, అంటే ఆయన భార్య, నాకు ఫోన్ చేసి "కాక లేడు బిడ్డా" అంది. ఫోన్ పెట్టేసింది.

ఆయన గురించి నాలుగు మంచి ముక్కలు రాయమని మా బజారువాళ్ళు అడిగారు. రాస్తాను. కాకపోతే ముందే చెబుతున్నాను, నాకు కోపంగా ఉంది. చల్లబడ్డాక రాద్దామని చూశాను కానీ అది చల్లబడేలా లేదు.

ఆ కోపం చావింట్లోనే మొదలైంది. శవాన్ని ఇంకా లేపలేదు. బీర్పూర్ పటేలు వచ్చాడు. పూలదండ వేశాడు, దండం పెట్టాడు, వెనక్కి జరిగి నా పక్కన నిలబడ్డాడు. నాలుగు ఓదార్పు మాటలు అంటాడేమో అనుకున్నాను. "మా జీపు పిన్ను షెడ్ల ఉన్నదట. తాళం నీ దగ్గర్నే గద చెల్లె?" అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. చిన్నమ్మ వినలేదు, అంతవరకు నయం.

ఆ పిన్ను సంగతి చెప్పాలి. పటేలుకు ఒక పాత జీపు ఉంది. గుట్ట కింద వాళ్ళ పసుపు చేలకు పోవాలంటే బండరాళ్ళ దారి, మధ్యలో వాగు. మామూలు బండ్లు పోవు. పసుపు తవ్వకాలప్పుడు ఊళ్ళోని ఆడకూలీలను ఆ జీపులోనే కుక్కి తీసుకుపోతారు. ముందు చక్రం అటూ ఇటూ తిరిగేది కింగ్ పిన్ను మీద. చేతివేలికన్నా కాస్త పొడవుండే ఇనుప కడ్డీ అది. అది విరిగితే స్టీరింగు ఎటు తిప్పినా చక్రం తన దారిన తాను పోతుంది. ఆ మోడలు సామాను రావడం మానేసి చాలాకాలమైంది, నా దుకాణంలో కూడా లేదు. లేత్ మీద కొత్తది చేయించుకోవాల్సిందే.

ఇలాంటి పిన్నులు, వాటి చుట్టూ తొడిగే బుష్షులు చేయడమే కాక పని. ఆయనది సిరిసిల్ల. అక్కడ పవర్‌లూముల ఇరుసులు, పళ్ళచక్రాలు చేసేవాడు. మగ్గాల పని పల్చబడ్డాక మిషను లారీలో వేసుకుని కోరుట్ల వచ్చేశాడు. ఇక్కడ ట్రాక్టర్లు, పాత జీపులు ఉన్నాయి కదా, బతికిపోవచ్చు అనుకున్నాడు. బతికాడు కూడా, ఎట్లా బతికాడో తర్వాత చెబుతాను.

పాత పిన్ను ఏది తెచ్చినా ముందు కిరోసిన్‌లో నానబెట్టేవాడు. తీసి శుభ్రంగా తుడిచి, చెవి సందున పెట్టుకున్న సుద్దముక్క నలిపి పైన పూసేవాడు. ఎక్కడన్నా పగులు ఉంటే అందులో దాగిన కిరోసిన్ ఊరి, తెల్లటి సుద్ద మీద సన్నటి తడిగీత తేలేది. ఆ గీతను యజమానికి చూపించి, వెంటనే రంపం తీసుకుని అతని కళ్ళ ముందే పిన్నును రెండు ముక్కలు చేసేవాడు. అడిగేది లేదు, బతిమాలితే ఆగేది లేదు. తిట్టేవాళ్ళు తిట్టేవారు. ఒకతను కాలర్ పట్టుకున్నాడు కూడా, నేనే పోయి విడిపించాను.

ఎందుకు కాకా ఈ గొడవలు అంటే, "ఇంజన్ చెడిపోతే దిగి నడుస్తరు బిడ్డా. స్టీరింగు చెడిపోతే దిగె టైముండది" అనేవాడు. కోయకుండా ఇచ్చేస్తే ఏం చేస్తారో ఆయనకు తెలుసు. నేరుగా వెల్డింగు షాపుకు పోయి అతికించుకుంటారు. అతుకు పైకి కొత్త పిన్ను కన్నా గట్టిగా కనిపిస్తుంది, లోపల పెళుసుబారి ఉంటుంది. సిరిసిల్లలో ఉన్నప్పుడు కోనరావుపేట వైపు నుంచి వచ్చిన ఒక రైతు ఏడ్చినంత పనిచేస్తే పగిలిన పిన్నును తిరిగి ఇచ్చేశాడట. ఆ ట్రాక్టరు వారం తిరక్కముందే కాలువలో పడింది. ట్రాలీలో పెళ్ళివాళ్ళున్నారు. ఈ సంగతి నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు. మళ్ళీ అడిగితే మిషను ఆన్ చేశాడు.

మనిషి మొండివాడే కానీ ముభావి కాదు. నా టీ ఫ్లాస్కు సగం ఆయనే తాగేవాడు, తాగి చక్కెర ఎక్కువైందని వంక పెట్టేవాడు. మా ఆయన మస్కట్ నుంచి ఫోన్ చేస్తే మధ్యలో దూరి, నీ భార్య నాసిరకం బుష్షులు అమ్ముతోందని చాడీలు చెప్పేవాడు. రేటు పెంచు కాకా, ఇనుము ధర కూడా రావడం లేదు కదా అని నేను ఎన్నిసార్లు పోట్లాడానో! "ఎక్కువ అడిగితే గా వెల్డింగుకే పోతరు. నాకన్న అగ్గువది గా అతుకు ఒక్కటే గద, దానికంటె నేనే అగ్గువైత" అనేవాడు. అదీ ఆయన లెక్క. చావును ఆపాలంటే చావుకన్నా చవగ్గా దొరకాలట.

బీర్పూర్ పిన్ను మీద గీత తేలింది. పటేలు తెల్లారి వస్తానన్నాడు. యజమాని కళ్ళ ముందు కాకుండా వెనకాల కోస్తే అది దొంగతనం అవుతుందని కాక నియమం, అందుకే కోయకుండా బల్ల మీద పెట్టాడు. ఆ సాయంత్రమే ఛాతీ పట్టేసింది.

మూడో రోజు పటేలు మళ్ళీ దుకాణానికి వచ్చాడు. జీపు జాకీ మీద నిలబడి ఉంది, తవ్వకాలు ఆగిపోయాయి. పిన్ను ఇస్తే అతికించుకుంటానన్నాడు. ఆ జీపులో మనుషులు కూర్చుంటారు పటేలా అన్నాను. రోజూ ఎక్కేవాళ్ళే కదా, నెమ్మదిగా నడిపిస్తానన్నాడు. నాలుగు రోజులు ఆగు, కొత్తది చేయిస్తానన్నాను. ఆగుతానన్నాడు, ఒక షరతు మీద. కాక రేటుకే కావాలట. ఒక్క రూపాయి ఎక్కువైనా పాత పిన్ను పాత పిన్నే, వెల్డింగే.

సరేనని పిన్ను సంచిలో వేసుకుని జగిత్యాల పోయాను. పెద్ద వర్క్‌షాపులో ఏసీ గదిలో కూర్చున్న అబ్బాయి ఒక్క పీసైతే చేయం అన్నాడు. ఇంకోచోట చేస్తానన్నవాడు చెప్పిన రేటు వింటే నవ్వొచ్చింది. మరోచోట పిన్నును అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి లేత్ ఎందుకమ్మా, పక్కసందులో వెల్డింగు ఉంది, అక్కడ చేయించుకోండి అని సలహా ఇచ్చారు. కాక బతికి ఉంటే ఆ సలహా ఇచ్చినవాడి మీదకు రంపంతో పోయేవాడు. నేను ఊరికే బయటికి వచ్చి, బస్టాండులో కూర్చుని చెరుకురసం తాగాను. అది కూడా చేదుగానే ఉంది.

చివరికి చిన్నమ్మే చెప్పింది. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో కాకతో కలిసి పనిచేసిన లేత్ మేస్త్రి ఒకాయన ఉన్నాడట. వేములవాడ మీదుగా బస్సులో పోయాను. మగ్గాల చప్పుడు మధ్యలో చిన్న షెడ్డు. కాక పోయాడని చెప్పగానే ఆయన మిషను ఆపేశాడు. తర్వాత పిన్ను తీసుకుని కొలిచి, చేస్తానన్నాడు. రేటు కూడా చెప్పాడు. జగిత్యాల రేటంత దారుణం కాదు కానీ కాక రేటుకు ఎన్నో రెట్లు.

కాక ఇంతకు చేసేవాడు కాదన్నాను. నా నోటినుంచి వచ్చింది కూడా పటేలు మాటే.

"కాక గా రేటుకు ఎట్ల చేసెటోడో మీకెరుక లేదా? వదిన చుట్టిన బీడీలతోని ఇల్లు నడిచింది. ఆయన సంపాదన ఇనుముకే సరిపోయేది. నా ఇంట్ల బీడీలు చుట్టెటోళ్ళు లేరమ్మా" అన్నాడు.

నాకేం తెలియదు? పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా చాట ఒళ్ళో పెట్టుకుని చిన్నమ్మ బీడీలు చుట్టడం రోజూ చూసినదాన్నే. దగ్గుతూ చుట్టేది, జ్వరం వచ్చినా చుట్టేది. ఆ దగ్గుకూ ఈ పిన్నుకూ సంబంధం ఉందని మాత్రం ఎవరూ అనుకోలేదు. చావింట్లో అందరూ ఒకటే పాట: ఎంత మంచోడు, పైసల మనిషి కాదు. కాదు మరి! ఊరివాళ్ళ జీపులు, ట్రాక్టర్లు పడిపోకుండా ఆమె ఊపిరితిత్తులు జామీను ఉన్నాయి. మంచోడు మంచోడు అంటూ ఆయనను కరిగించుకుని తాగాం అందరం. ఆయన మీద కూడా కోపమే నాకు. గొంతెత్తి ఒక్కసారి అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఆ పని నేర్చుకుంటానని ఎవరూ రాలేదు, ఎందుకొస్తారు? ఆకలి నేర్చుకోవడానికి ఎవరన్నా వస్తారా?

అక్కడే ఇంకో ఆలోచన వచ్చింది. తేడా డబ్బు నేనే వేసుకుని, కాక రేటుకే వచ్చిందని పటేలుకు చెప్పేస్తే పోతుంది కదా! గొడవ ఉండదు, కూలీలు క్షేమంగా ఉంటారు, నన్ను కూడా మంచిది అంటారు. చేయి పర్సు దాకా పోయింది. కాక కూడా మొదటిసారి ఇట్లాగే అనుకుని ఉంటాడు, ఈ ఒక్కసారికి అని. నేను ఆయనలాగా చేయను. పిన్ను చేయమని చెప్పి, పైసలు బీర్పూర్ నుంచి తెచ్చి ఇస్తానన్నాను. మేస్త్రి ఒప్పుకున్నాడు.

కొత్త పిన్ను, పాత పిన్ను రెండూ పట్టుకుని, మెకానిక్‌ను వెంటబెట్టుకుని పొద్దున్నే బీర్పూర్ పోయాను. జీపు దగ్గర ఆడకూలీలు సద్దిగిన్నెలతో చేరి ఉన్నారు. ఇయ్యాల్ల ఎట్లన్న బండి కదులుతుందని పటేలు పిలిపించాడట. రేటు చెప్పాను. పటేలు ముఖం మాడింది.

"కాక ఉంటె గింత తీసుకునెటోడా?"

"కాక సచ్చిపోయిండు పటేలా. ఆయన రేటు గూడ సచ్చిపోయింది."

కావాలనే గట్టిగా అన్నాను, అందరికీ వినబడాలని. నీ కొత్త పిన్ను నువ్వే ఉంచుకో, నా పాతది ఇటివ్వు అని ఆయన చెయ్యి చాచాడు. అది ఆయన సొత్తే. ఇవ్వక తప్పదు.

గుంపుకు పెద్దగా ఉండే ఒక నడివయసు ఆమె అప్పటిదాకా జీపు సీటు మీద గిన్నె పెట్టి నిలబడి ఉంది. "గా పాతది ఇరిగితె ఏమైతదమ్మా?" అని నన్ను అడిగింది. వాగు దిగేచోట విరిగితే ఏమవుతుందో చెప్పాను. ఆమె పటేలును ఒక్కమాట అనలేదు. సీటు మీది గిన్నె తీసి నేల మీద పెట్టి, దాని పక్కన కూర్చుంది. మిగతావాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పని పోతే ఆ రోజు కూలీ పోతుంది, అది వాళ్ళకు చిన్న సంగతి కాదు. అయినా ఒక్కొక్కరే గిన్నెలు దించుకుని కూర్చున్నారు.

"కొత్తది ఏస్తెనే ఎక్కుతం పటేలా" అంది ఆమె.

పటేలు చేలవైపు చూశాడు, వాళ్ళవైపు చూశాడు, నన్ను మింగేసేట్టు చూశాడు. ఇంట్లోకి పోయి పైసలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. పాత పిన్నును ఆయన ముందే కోయించాను. మెకానిక్ కొత్తది బిగించాడు.

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. కాక పోయిన రోజు కూడా రాలేదు. నలుగురు ఆడవాళ్ళు కాసేపు నేల మీద కూర్చుంటే వచ్చే రేటు అది. దానికోసం ఆయన జన్మంతా మిషను ముందు నిలబడ్డాడు, చిన్నమ్మ జన్మంతా చాట ముందు కూర్చుంది. మేం ఎవ్వరం వాళ్ళకోసం ఒక్కపూట కూర్చోలేదు.

జీపు కదిలింది. వాగు దగ్గర బండరాయి వస్తే ముందు చక్రాలు రెండూ ఒక్కతీరుగా పక్కకు తిరిగి, మళ్ళీ దారిలోకి వచ్చాయి. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. బండి చెట్ల వెనక్కి పోయాక కూడా, రాళ్ళ మీద ఎగిరినప్పుడల్లా సద్దిగిన్నెలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.